హెచ్-1బీ, హెచ్-4 వారికి రియల్ ఐడీ: దేశీయ విమాన ప్రయాణాలకు పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వెళ్లవచ్చా?

ప్రశ్న: ఫ్రీమాంట్, కాలిఫోర్నియా నుంచి

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా హెచ్-1బీ (ఉద్యోగ వీసా) మీద ఫ్రీమాంట్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది హెచ్-4 (హెచ్-1బీ వారి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా). మా పాపకు నాలుగేళ్లు, ఇక్కడే పుట్టింది. నా దగ్గర ఉన్నది కాలిఫోర్నియా మామూలు డ్రైవింగ్ లైసెన్సు మాత్రమే. దాని మీద ఎలుగుబంటి, నక్షత్రం కలిసిన బంగారు గుర్తు లేదు; "ఫెడరల్ లిమిట్స్ అప్లై" అన్న మాట ఉంది. క్రితంసారి లైసెన్సు రెన్యువల్ చేసుకున్నప్పుడు కౌంటరులో రియల్ ఐడీ (దేశీయ విమానాల తనిఖీలో చెల్లే, కేంద్ర ప్రమాణాల ప్రకారం ఇచ్చే కార్డు) కావాలా అని అడిగారు. చిరునామాకు రెండో రుజువు ఆ రోజు నా చేతిలో లేదు, దాని అమలు గడువు కూడా ఏళ్ల తరబడి వాయిదా పడుతూనే వచ్చింది కదా అనుకుని వద్దన్నాను.

గత నెల ఆఫీసు పని మీద డల్లాస్ వెళ్లవలసి వచ్చింది. పాత అలవాటు కొద్దీ ఆ లైసెన్సు ఒక్కటే జేబులో వేసుకుని బయలుదేరాను. భద్రతా తనిఖీ దగ్గర ఈ కార్డు సరిపోదని, పాస్‌పోర్టు ఉంటే చూపించమని అన్నారు. లేకపోవడంతో 45 డాలర్ల రుసుము కట్టి, పక్కన నిలబడి నా వివరాలన్నీ సరిచూపించుకుని, గేటు మూసే సమయానికి పరుగున చేరుకున్నాను. తప్పు పూర్తిగా నాదే. ముందే చదువుకుని ఉండవలసింది.

అప్పటి నుంచి పాస్‌పోర్టు వెంట పెట్టుకునే తిరుగుతున్నాను గానీ మనసు స్థిమితంగా ఉండటం లేదు. హోటల్ గదిలో వదిలి వెళ్లాలన్నా భయమే, బ్యాగులో వేసుకుని ఊరంతా తిరగాలన్నా భయమే. అందుకే ఇప్పుడు ఇద్దరం రియల్ ఐడీకి వెళ్దామనుకుంటున్నాము. నా పరిస్థితి వివరంగా చెబుతాను. నా వీసా స్టాంపు, నా భార్య స్టాంపు గత ఏడాదే ముగిశాయి. ఆ తరువాత మేము ఇండియా వెళ్లలేదు. నా ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే నమోదు) గడువు వచ్చే సెప్టెంబరు దాకా ఉంది, ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం పొందింది, మా కంపెనీ హెచ్-1బీ పొడిగింపు దరఖాస్తు త్వరలోనే వేస్తుంది. నా భార్యకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, ఇంటి అద్దె ఒప్పందం తప్ప ఏ బిల్లూ ఆమె పేరున లేదు, పాస్‌పోర్టులో ఆమెది పుట్టింటి ఇంటిపేరే. ఈ పరిస్థితిలో ఇప్పుడే దరఖాస్తు చేసుకోవాలా, పొడిగింపు వచ్చాక చేసుకోవాలా? దసరాకు అమ్మానాన్నలు వస్తున్నారు. వారిని పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి ఆలయానికి తీసుకెళ్లాలని ఉంది. వారికి కూడా ఏదైనా కార్డు తీయించాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం 1: శాన్ హోసే, కాలిఫోర్నియా నుంచి

మీకు అన్నిటికంటే ముందు చెప్పవలసింది స్టాంపు సంగతి. మిగతావన్నీ దాని తరువాతే. మనలాంటి వారికి దేశం లోపల ఉన్నంతకాలం వీసా స్టాంపు ముగిసినా ఫరవాలేదని, ఐ-94 చెల్లుబాటులో ఉంటే చాలునని మనందరికీ తెలుసు. ఇమ్మిగ్రేషన్ విషయంలో అది నిజమే. కానీ రియల్ ఐడీ నిబంధనల్లో గుర్తింపు పత్రాల జాబితా వేరుగా రాశారు. విదేశీ పాస్‌పోర్టు చూపించి కార్డు తీసుకునేవారు గడువు ఉన్న పాస్‌పోర్టుతో పాటు గడువు ఉన్న అమెరికా వీసా, ఆమోదం పొందిన ఐ-94 చూపించాలని అందులో ఉంది. కాలిఫోర్నియా డీఎంవీ (లైసెన్సులు ఇచ్చే రాష్ట్ర శాఖ) జాబితాలో కూడా ఆ మాట అలాగే ఉంటుంది. అంటే చట్టబద్ధంగా ఇక్కడ ఉంటూ, ఉద్యోగం చేస్తూ, పన్ను కడుతున్న మనిషి కూడా స్టాంపు ముగిసిందన్న ఒక్క కారణంతో ఆ వరుసలో ఇమడకపోవచ్చు. ఇది న్యాయంగా లేదని నా గట్టి అభిప్రాయం. వీసా అనేది సరిహద్దు దగ్గర ప్రవేశం కోరడానికి ఇచ్చే పత్రమే తప్ప, మనిషి ఎవరో, ఇక్కడ ఎంతకాలం ఉండవచ్చునో చెప్పే పత్రం కాదు. అయినా నిబంధన నిబంధనే కాబట్టి, ఈ సంగతి తెలియకుండా సెలవు పెట్టుకుని వెళ్లి కౌంటరు దగ్గర తెలుసుకోవడం కంటే, ముందే డీఎంవీని అడిగి స్పష్టం చేసుకుని వెళ్లడం మంచిది. స్టాంపు ముగిసిన నా స్నేహితుల్లో ఒకరి దరఖాస్తును ఐ-797 ఆమోదపత్రం చూసి తీసుకున్నారు, మరొకరిని వెనక్కి పంపారు. అందువల్ల కార్డు చేతికి వచ్చేదాకా దాని మీద ఆధారపడి టికెట్లు కొనవద్దు.

ఇక మీ భార్య విషయంలో మీకు ఒక దారి ఉంది, మీరు గమనించినట్లు లేదు. మీ ఐ-140 ఆమోదం పొందింది గనుక ఆమె హెచ్-4 ఈఏడీకి (ఉద్యోగ అనుమతి కార్డుకు) దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ వెసులుబాటు 2015 మే నుంచి అమలులో ఉంది. ఈఏడీ కార్డు వస్తే దానితో మూడు పనులు జరుగుతాయి. దరఖాస్తులోనే కోరితే సోషల్ సెక్యూరిటీ నంబరు వస్తుంది. రియల్ ఐడీకి గడువు ఉన్న ఈఏడీయే గుర్తింపు పత్రంగా సరిపోతుంది, అప్పుడు పాస్‌పోర్టులోని స్టాంపు సంగతి ఎవరూ అడగనవసరం లేదు. పైగా ఐ-766 అనే ఆ ఈఏడీ కార్డు స్వయంగా టీఎస్ఏ (విమానాశ్రయ భద్రతా తనిఖీ సంస్థ) ఆమోదించే పత్రాల జాబితాలోనే ఉంది కాబట్టి, రియల్ ఐడీ రాకముందే ఆమె ఆ కార్డుతో విమానం ఎక్కవచ్చు. మీ ఇంట్లో మీకంటే ముందు ఆమెకే పాస్‌పోర్టు మోసే బాధ తప్పుతుంది. ఆమె ఉద్యోగం చేయాలనుకుంటున్నారో లేదో నాకు తెలియదు గానీ, ఈ ఒక్క ప్రయోజనం కోసమైనా ఆలోచించండి. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: 2025 అక్టోబరు 30 నుంచి వేసిన ఈఏడీ రెన్యువల్ దరఖాస్తులకు ఇదివరకటి లాగా గడువు దానంతట అదే పొడిగింపు కావడం లేదు. అందువల్ల ముగియడానికి ఆరు నెలల ముందే దరఖాస్తు వేసుకోవాలి.

ఒకవేళ ఈఏడీ వద్దనుకుంటే, సోషల్ సెక్యూరిటీ నంబరు లేనంత మాత్రాన రియల్ ఐడీ రాదనుకోకండి. పని చేయడానికి అనుమతి లేని హోదాలో ఉన్నట్లు పాస్‌పోర్టు, ఐ-94 ద్వారా చూపిస్తే సరిపోయేలా కేంద్ర నిబంధనల్లోనే ఏర్పాటు ఉంది. అయితే ఆమెకూ స్టాంపు సమస్య అడ్డు వస్తుంది.

ఇప్పుడే వెళ్లాలా, పొడిగింపు తరువాతా అని అడిగారు. తరువాతే వెళ్లండి. తాత్కాలిక హోదాలో ఉన్నవారికి ఇచ్చే రియల్ ఐడీ గడువు మనకు అనుమతించిన నివాస కాలాన్ని దాటకూడదు. ఇవాళ కార్డు తీసుకుంటే అది సెప్టెంబరులో మీ ఐ-94తో పాటే ముగుస్తుంది. మళ్లీ అవే కాగితాలు, అదే వరుస. పొడిగింపు దరఖాస్తు సకాలంలో వేసి ఉంటే ఐ-94 ముగిశాక కూడా 240 రోజుల దాకా ఉద్యోగం చేసుకోవచ్చు గానీ, ఆ రసీదు చూసి లైసెన్సు గడువు పొడిగించే విషయంలో రాష్ట్రాల పద్ధతులు ఒక్కలా లేవు. కాబట్టి మీ కంపెనీని ప్రీమియం ప్రాసెసింగ్‌లో (అదనపు రుసుముతో త్వరగా నిర్ణయం ఇచ్చే పద్ధతిలో) వేయమని అడగండి. 15 పని దినాల్లో నిర్ణయమో, అదనపు పత్రాలు కోరుతూ లేఖో వస్తుంది. ఆమోదపత్రం అడుగున కొత్త ఐ-94 ఉంటుంది. దానితో డీఎంవీకి వెళితే ఒకేసారి మూడేళ్ల కార్డు వచ్చే అవకాశం ఉంటుంది. మీ భార్య హెచ్-4 పొడిగింపు వేరే దరఖాస్తు. మీది వచ్చింది కదా అని ఆమెది కూడా వచ్చినట్లు కాదు, ఆమె ఐ-94 తేదీ విడిగా చూసుకోండి.

దీనికి ముడిపడిన మరో సంగతిలో చాలామంది పొరబడుతున్నారు. ఐ-797లో ఒక తేదీ ఉంటుంది. ఆ తరువాత ఇండియా వెళ్లి తిరిగి వస్తే విమానాశ్రయంలో కొత్త ఐ-94 పుడుతుంది, దాని తేదీ వేరుగా ఉండవచ్చు. పాస్‌పోర్టు గడువు ముందుగా ముగిసేటట్లు ఉంటే అధికారి ఆ తేదీ వరకే ప్రవేశం ఇవ్వడం మామూలు. అప్పుడు చివరిగా వచ్చిన ఐ-94యే లెక్కలోకి వస్తుంది, డీఎంవీ కూడా దాన్నే చూస్తుంది. కార్డు గడువు తక్కువగా వచ్చిందని కౌంటరులో వాదించిన వారిని నేను చూశాను. తీరా చూస్తే పాత పాస్‌పోర్టు వల్ల ఐ-94 చిన్నదైపోయిందని వారికే తెలియదు. ప్రతి విదేశీ ప్రయాణం తరువాత సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైటులో ఐ-94 తెరిచి చూసుకోవడం లైసెన్సు కోసమే కాదు, మన హోదా కోసం కూడా తప్పనిసరి.

చిరునామా రుజువులు రెండు కావాలి, రెండూ వేర్వేరు పత్రాలై ఉండాలి. పోస్టాఫీసు బాక్సు చిరునామా పనికిరాదు. మీ భార్యకు అద్దె ఒప్పందం ఒకటి ఉంది కదా. రెండోదానికి బ్యాంకు ఖాతాలో ఆమె పేరు చేర్చి ఒక నెల స్టేట్‌మెంటు తీసుకుంటే సరిపోతుంది. భర్త పేరున ఉన్న బిల్లుతో పాటు వివాహ ధ్రువపత్రం చూపించినా కాలిఫోర్నియాలో తీసుకుంటారు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఇచ్చిన అసలు ధ్రువపత్రం ఇండియాలో ఉండిపోతే, మీ అమ్మానాన్నలు వచ్చేటప్పుడు తెమ్మనండి. పెళ్లి ఫోటోలు, శుభలేఖ దీనికి పనికిరావు.

కాగితాలన్నీ సరిగా ఉన్నా ఒక్కోసారి కార్డు ఆలస్యమవుతుంది. మన హోదాను డీఎంవీ సేవ్ అనే కేంద్ర వ్యవస్థ ద్వారా సరిచూస్తుంది. చాలావరకు క్షణాల్లో తేలిపోతుంది. అలా తేలకపోతే మనుషులు చూసి తేల్చేదాకా ఆగాలి. కొత్తగా ఆమోదం వచ్చిన మర్నాడే పరుగెత్తకుండా కొన్ని రోజులు ఆగి వెళ్లడం నయం. సేవ్ కేస్‌చెక్ అనే పేజీలో మీ దరఖాస్తు ఎక్కడ ఉందో మీరే చూసుకోవచ్చు.


సమాధానం 2: రెడ్మండ్, వాషింగ్టన్ రాష్ట్రం నుంచి

పై సమాధానం చదివాక మా రాష్ట్రం సంగతి కూడా చెప్పాలనిపించింది, ఎందుకంటే కాలిఫోర్నియా, టెక్సాస్ నుంచి ఇటు ఉద్యోగం మారి వచ్చే తెలుగువారు చాలామంది ఇది తెలియక ఆశ్చర్యపోతున్నారు. వాషింగ్టన్ రాష్ట్రం నక్షత్రం గుర్తు ఉన్న రియల్ ఐడీ కార్డులు ఇవ్వదు. ఇక్కడ టీఎస్ఏ దగ్గర చెల్లే రాష్ట్ర కార్డులు ఎన్‌హాన్స్‌డ్ డ్రైవింగ్ లైసెన్సు, ఎన్‌హాన్స్‌డ్ ఐడీ కార్డు మాత్రమే. అవి అమెరికా పౌరులకు మాత్రమే ఇస్తారు. హెచ్-1బీ వారికే కాదు, గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా ఇవ్వరు. మా అందరి దగ్గరా ఉండేది "ఫెడరల్ లిమిట్స్ అప్లై" అని ముద్రించిన మామూలు లైసెన్సే. గ్రీన్ కార్డు ఉన్నవారు ఆ కార్డే చూపిస్తారు, మిగతావారం పాస్‌పోర్టు చూపిస్తాము. వేరే రాష్ట్రంలో తీసుకున్న రియల్ ఐడీని అట్టిపెట్టుకుందామని కొందరు చూస్తారు, కానీ ఇక్కడ నివాసం ఏర్పరుచుకున్న 30 రోజుల్లోగా ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి, అప్పుడు పాతది వదులుకోవలసిందే.

కాబట్టి ఫ్రీమాంట్ మిత్రులకు నేను చెప్పేది ఏమిటంటే, రియల్ ఐడీ రాకపోతే ప్రయాణాలు ఆగిపోతాయని కంగారు పడకండి. గడువు ఉన్న ఇండియా పాస్‌పోర్టు టీఎస్ఏ దగ్గర పూర్తిగా చెల్లుతుంది. అక్కడ దాన్ని గుర్తింపు పత్రంగానే చూస్తారు గనుక, లోపలి వీసా స్టాంపు ముగిసినా అది గుర్తింపుకు అడ్డం కాదు. కాకపోతే హోదా రుజువుగా ఐ-797 నకలు, ఐ-94 ముద్రించిన కాగితం పాస్‌పోర్టులోనే మడిచి పెట్టుకోండి. నిజానికి 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువును, అంటే మన విషయంలో ఐ-94ను, ఎల్లప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చాలా పాత చట్టమే. రియల్ ఐడీ చేతికి వచ్చినా ఆ బాధ్యత పోదు. ఇంకొక మాట. రియల్ ఐడీ ఉంది కదా అని వాంకూవర్ బయలుదేరకండి. అది దేశం లోపలి విమానాలకు, ప్రభుత్వ భవనాలకు పనికివస్తుందే గానీ సరిహద్దు దాటడానికి పనికిరాదు.


సమాధానం 3: ఫ్రిస్కో, టెక్సాస్ నుంచి

పాస్‌పోర్టు వెంట తిప్పడం గురించి మీ భయం ఉత్త భయం కాదని నా అనుభవం చెబుతోంది. టెక్సాస్‌లో 2016 అక్టోబరు 10 నుంచి ఇచ్చే లైసెన్సులన్నీ రియల్ ఐడీ ప్రమాణాల ప్రకారమే ఉంటున్నాయి. నా కార్డు మీద కూడా పై మూలన బంగారు వలయంలో నక్షత్రం ఉంది. అంటే నేను అడగకుండానే రియల్ ఐడీ నా జేబులో ఉంది. అది నాకు తెలియదు. మనం ఇక్కడి పౌరులం కాము, ఎందుకైనా మంచిదని పాస్‌పోర్టు కూడా పట్టుకుని రెండేళ్ల క్రితం ఒక పెళ్లికి వేరే ఊరు వెళ్లాను. విమానాశ్రయం నుంచి హోటల్‌కు వెళ్లిన కారులోనే పర్సు మరిచిపోయాను. దొరకలేదు.

ఆ తరువాత జరిగింది చెబుతాను, ఎవరికైనా పనికి రావచ్చు. ముందు పోలీసు రిపోర్టు తీసుకున్నాను. తరువాత పోయిన పాస్‌పోర్టు స్థానంలో కొత్తది ఇమ్మని మన ఇండియా కాన్సులేట్‌కు దరఖాస్తు చేశాను. ఐ-94 ఎలక్ట్రానిక్ రికార్డు గనుక నా హోదాకు ఏ లోటూ రాలేదు, ఉద్యోగం ఆగలేదు. కానీ పోయిన పాస్‌పోర్టుతో పాటు రెండేళ్లు గడువు మిగిలి ఉన్న స్టాంపు కూడా పోయింది. పోయిన స్టాంపుకు బదులు ఇక్కడ మరొకటి వేయరు. బయటి దేశంలోని అమెరికా కాన్సులేట్‌కు స్వయంగా వెళ్లి మళ్లీ దరఖాస్తు చేసుకోవలసిందే. కొత్త పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి, స్టాంపింగ్ తేదీ దొరకని రోజుల్లో వెళితే తిరిగి ఎప్పుడు రాగలనో తెలియని స్థితి ఏర్పడి, మా నాన్నగారి షష్టిపూర్తికి వెళ్లలేకపోయాను. వీడియో కాల్‌లో చూశాను. జేబులో చెల్లే కార్డు ఉండి కూడా, అది చెల్లుతుందని తెలియక పోగొట్టుకున్నది అది.

అందువల్ల మిత్రులందరూ ముందు మీ లైసెన్సు తీసి పై భాగం చూడండి. నక్షత్రం ఉంటే, దాని పక్కన "లిమిటెడ్ టర్మ్" అని ఉన్నా సరే, అది రియల్ ఐడీయే. దేశీయ విమానానికి అది చాలు. అప్పుడు పాస్‌పోర్టు ఇంట్లో భద్రంగా పెట్టి, ఐ-94 కాగితం, ఐ-797 నకలు మాత్రం వెంట తీసుకెళ్లండి. దీనికి ఒక మినహాయింపు ఉంది. ప్యూర్టోరికో, గ్వామ్ వంటి చోట్లకు విమానం దేశీయమే అయినా, తిరుగు ప్రయాణంలో మన హోదా పత్రాలు అడిగే తనిఖీ ఉంటుంది. అక్కడికి మాత్రం పాస్‌పోర్టు తప్పక తీసుకెళ్లాలి. ఇల్లు వదిలే ముందు పాస్‌పోర్టులోని ప్రతి ముద్ర ఉన్న పేజీనీ స్కాన్ చేసి పెట్టుకోండి; నా దరఖాస్తులు ఆ స్కాన్‌ల పుణ్యాన కొంతైనా తేలిగ్గా సాగాయి.


ప్రశ్న అడిగినవారు: ఫ్రీమాంట్ నుంచి

ఎంతో ఓపికగా రాసిన ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫ్రిస్కో మిత్రులు రాసింది చదివి మనసు భారమైంది. హెచ్-4 ఈఏడీ కార్డు విమానాశ్రయంలో చెల్లుతుందని నాకు ఇప్పటివరకు తెలియదు. నా భార్యకు చూపించాను, ఈ వారమే దరఖాస్తు సిద్ధం చేస్తామన్నది మా నిర్ణయం. నాది పొడిగింపు వచ్చేవరకు ఆపుతాను, స్టాంపు సంగతి డీఎంవీని ముందుగా అడుగుతాను.

ఒక్క సందేహం మిగిలింది. అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది; ఇచ్చిన పేరు గడిలోనే "వెంకట సుబ్బమ్మ" తరహాలో రెండు మాటల పేరు ఉంది. పిట్స్‌బర్గ్ టికెట్టు కొనేటప్పుడు ఇంటిపేరు గడిలో ఏమి రాయాలి? నాన్న ఇంటిపేరు రాయవచ్చా?


సమాధానం 4: ఎడిసన్, న్యూజెర్సీ నుంచి

నాన్నగారి ఇంటిపేరు దయచేసి రాయకండి. మన ఇళ్లలో అది సహజమే గానీ, ఇక్కడ ఆవిడ ఏ పత్రంలోనూ ఆ పేరు లేదు కదా. ఆవిడ వీసా స్టాంపు తీసి చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు వరుసలో పెట్టి, ఇచ్చిన పేరు దగ్గర "ఎఫ్ఎన్‌యూ" అని అచ్చు వేస్తారు. మొదటి పేరు తెలియదు అన్న దానికి అది పొడి అక్షరాల రూపం. మా అమ్మకు ఇలాగే ఉంటే, ఇండియా నుంచి వచ్చిన టికెట్టులో ఉన్నట్టే దేశీయ టికెట్టులోనూ ఎఫ్ఎన్‌యూ మొదటి పేరుగా, ఉన్న పేరంతా ఇంటిపేరుగా కొన్నాము. తనిఖీ దగ్గర పాస్‌పోర్టు తెరిచి, వీసా పేజీ కూడా చూపించి ముందుకు సాగాము. టికెట్టు కొన్నాక విమాన సంస్థకు ఫోను చేసి, పేరు నమోదు సరిగా ఉందో లేదో ఒకసారి నిర్ధారించుకోండి. పేరు, పుట్టిన తేదీ, స్త్రీ పురుష వివరం ఈ మూడూ టికెట్టులో గుర్తింపు పత్రంలో ఉన్నట్టే ఉండాలి.

పేరు విషయంలో ఇంత పట్టింపు ఎందుకని మీకు అనిపించవచ్చు. నేను 1999లో ఈ దేశం వచ్చాను. అప్పట్లో విమానం ఎక్కడం బస్సు ఎక్కినంత తేలికగా ఉండేది. 2001 సెప్టెంబరు 11 దాడుల మీద విచారణ జరిపిన కమిషన్ 2004లో ఇచ్చిన నివేదికలో, రాష్ట్రాలు ఇచ్చే గుర్తింపు కార్డులకు దేశమంతటా ఒకే ప్రమాణం ఉండాలని సిఫారసు చేసింది. దాని నుంచే 2005లో రియల్ ఐడీ చట్టం వచ్చింది. రాష్ట్రాల అభ్యంతరాలు, ఖర్చులు, ఆ తరువాత కోవిడ్ కారణంగా గడువు మళ్లీ మళ్లీ జరిగి, విమానాశ్రయాల్లో అమలు మొదలైంది 2025 మే 7న. అంటే 20 ఏళ్లు. మొదటి నెలల్లో హెచ్చరించి, అదనపు తనిఖీ చేసి పంపించేవారు; 2026 ఫిబ్రవరి 1 నుంచి మీరు కట్టిన ఆ 45 డాలర్ల పద్ధతి వచ్చింది. ఆ రుసుము 10 రోజుల ప్రయాణానికి పనికివస్తుంది గానీ, కట్టినంత మాత్రాన లోపలికి పంపుతారన్న హామీ లేదు. మీ గుర్తింపు తేలకపోతే వెనక్కి రావలసిందే. ఈ చట్టం పుట్టిందే మనిషి, పేరు ఒక్కటేనని తేల్చుకోవడానికి గనుక, మన పేర్ల తికమకలు ఇక్కడే ఎక్కువగా బయటపడతాయి.

ఇదే కారణంగా మీకు, మీ భార్యకు కూడా ఒక మాట. కార్డు మీద పేరు మీరు చూపించిన మూల పత్రంలో ఉన్నట్లే వేస్తారు. 39 అక్షరాలు దాటితే కత్తిరిస్తారు. ఇంటిపేరు విడదీసి, మధ్యలో వెంకటలు, నాగలు, సాయిలు కలుపుకున్న మన పేర్లు ఆ హద్దు దాటడం కష్టమేమీ కాదు. మీ భార్య పుట్టింటి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉంటే అన్నిటిలోనూ దాన్నే ఉంచండి. ఈఏడీ దరఖాస్తు నింపేటప్పుడు మీ ఇంటిపేరు రాసి, తరువాత పాస్‌పోర్టుకు సరిపోలడం లేదని తిరిగేవారిని మా ఊళ్లో ప్రతి ఏడాదీ చూస్తున్నాను. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే అది ఆమె ఇష్టం, కానీ మొదట పాస్‌పోర్టులో మార్చి, ఆ తరువాతే మిగతావాటికి వెళ్లాలి.

మీ అమ్మానాన్నలకు ఏ కార్డూ తీయించనవసరం లేదు. పర్యాటక వీసా మీద వచ్చేవారికి ఇండియా పాస్‌పోర్టే చాలు. ఆధార్, పాన్, ఇండియా డ్రైవింగ్ లైసెన్సు ఇక్కడ పనికిరావు. వారు దిగిన రెండు మూడు రోజుల్లో వారి ఐ-94లు తెరిచి, పేరు, తేదీ సరిచూసి, రెండేసి ప్రతులు ముద్రించి ఒకటి పాస్‌పోర్టులో, ఒకటి మీ దగ్గర ఉంచండి. పెద్దవారు పాస్‌పోర్టును తనిఖీ ట్రేలో వదిలి ముందుకు వెళ్లిపోవడం నేను రెండుసార్లు చూశాను. చూపించిన వెంటనే మీరే తీసుకుని మీ దగ్గర పెట్టుకోండి. మీ పాపకు 18 ఏళ్లు నిండేవరకు, పెద్దవారితో కలిసి దేశం లోపల ప్రయాణించేటప్పుడు టీఎస్ఏ దగ్గర గుర్తింపు పత్రం అవసరం లేదు. అయినా కొన్ని విమాన సంస్థలు వయసు రుజువు అడుగుతాయి గనుక, జనన ధ్రువపత్రం ఫోటో ఫోనులో ఉంచుకోండి.


ప్రశ్న అడిగినవారు: ఫ్రీమాంట్ నుంచి

అమ్మ వీసా ఫోటో తెప్పించి చూశాను. మీరు చెప్పినట్లే ఎఫ్ఎన్‌యూ అని ఉంది. టికెట్టు అలాగే కొంటాను. మా వివాహ ధ్రువపత్రం అసలు ప్రతి కోసం గుంటూరులో మా మామయ్యగారిని రేపే సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి వెళ్లమని నాన్న చెప్పారు. దసరాలోపు అది చేతికి వస్తే అమ్మానాన్నలే తెస్తారు. డీఎంవీ నుంచి స్టాంపు గురించి ఏ జవాబు వచ్చినా ఇక్కడే రాస్తాను.